రత్నాలు టీచరు చెవి మిషను

జామిగెడ్డ ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెప్పే రత్నాలు టీచరుకు చెవులు వినపడవని డుంబ్రిగుడ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు టీబీ వచ్చింది. నెలల తరబడి సూదులు వేశారు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, చెవులు పోయాయి. విశాఖలో ఒక డాక్టరుకు చూపిస్తే ఆయన సరిగా పరీక్షించనైనా పరీక్షించకుండా, మిషను పెట్టినా లాభం లేదని కాగితం ముక్క మీద రాసి చేతికిచ్చి తర్వాతివాళ్లను పిలిచాడు. ఆ ముక్కను నమ్మి ఆమె పదిహేనేళ్లు గడిపేసింది.

పెదాలు చూసి మాట పట్టుకోవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడేవాళ్లతో ఆమెకు పెద్ద ఇబ్బంది లేదు. కానీ చెవిటిదని తెలియగానే జనం మామూలుగా మాట్లాడటం మానేస్తారు. నోరు బారెడు తెరుస్తారు, చేతులు ఊపుతారు, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తారు. హెడ్మాస్టరు రమణమూర్తి అయితే ఆమెతో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా పసిపిల్లకు అన్నం తినిపించబోతున్నట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహం చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

తొంభై ఎనిమిది జూన్‌లో ప్రవీణ్ అనే కుర్ర మాస్టారు ఫిజిక్స్ చెప్పడానికి అనకాపల్లి నుంచి వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ అతనికి ఏదీ నచ్చలేదు. వాన నచ్చలేదు, చలి నచ్చలేదు, హాస్టలు సాంబారు నచ్చలేదు, పిల్లల తెలుగు నచ్చలేదు. తనలాంటివాడు ఈ కొండల్లో ఉండవలసినవాడు కాదని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పేవాడు. శనివారం మధ్యాహ్నం కిరండూల్ పాసింజరు ఎక్కి దిగిపోవడం, సోమవారం ఏడుపు మొహంతో ఎక్కి రావడం అతని పని.

ఆగస్టులో అరకులోయలో సైన్సు ప్రదర్శన పెడుతున్నారని, ప్రతి పాఠశాలా ఏదో ఒకటి పట్టుకురావాలని కబురు వచ్చింది. ప్రవీణ్ కాసేపు ఆలోచించాడు. పుస్తకాల్లో ఉండే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు ఒకటి కట్టి, దాన్ని వినికిడి యంత్రం అనొచ్చు. చూపించడానికి చెవిటి మనిషి కావాలి కదా అంటే, స్టాఫ్‌రూములోనే ఉంది.

అతను రత్నాలు ముందుకొచ్చి నిలబడి, నోరు గుహలా తెరిచి, "మే...డమ్... మీ... కో... సం..." అని మొదలుపెట్టాడు.

"నోరు అంత తెరవక్కర్లేదు మాస్టారూ, ఈగలు పోతాయి. మామూలుగా చెప్పండి," అంది రత్నాలు.

ఆమె గొంతు ఎప్పుడూ ఎత్తుపల్లాలు లేకుండా, అవసరానికి మించి పెద్దగా వచ్చేది. గదిలో అందరికీ వినపడింది. ప్రవీణ్ చెవులు ఎర్రబడ్డాయి. మామూలుగానే చెప్పాడు. ఆమె ఒప్పుకుంది. అతని మీద నమ్మకంతో ఒప్పుకోలేదు. ఈ కుర్రాడు ఏం వెలగబెడతాడో చూద్దామని ఒప్పుకుంది.

ఆకుపచ్చ ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో అతను దాన్ని అమర్చాడు. సబ్బు నీళ్లు కారే చిల్లుల వెనక చిన్న మైకు పెట్టాడు. లోపల రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగైదు రెసిస్టర్లు, ఒక బ్యాటరీ. జేబు రేడియోకుండే ఇయర్‌ఫోను వైరుతో బయటికి వేలాడేది. దాన్ని స్టాఫ్‌రూములో అందరి ఎదుటా ఆమె చెవిలో పెట్టి, మీట నొక్కి, తను కట్టిన వంతెన మీద మొదటి బండి నడుస్తున్నట్టు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఏమీ లేదు. కాసేపటికి ఎవరో స్టీలు గ్లాసు బల్ల మీద పెడితే, ఎక్కడో కొండ అవతల ఏదో తగిలినట్టు చిన్న చప్పుడు. అంతే.

"గ్లాసు వినపడింది. మనుషులు వినపడలేదు," అంది రత్నాలు.

అందరూ నవ్వారు. నవ్వు ఆమెకు వినపడకపోయినా కనపడింది. తెలుగు టీచరు వెంకటలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ప్రవీణ్‌కు పౌరుషం వచ్చింది. మర్నాడు ఆమెను లాబ్‌కు పిలిచి, నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపించాడు. మధ్యలో ట్రాన్సిస్టర్. పైన కలెక్టర్ దగ్గర ఒక రెసిస్టర్, కింద ఎమిటర్ దగ్గర ఒక రెసిస్టర్. పైదాన్ని కిందిదాంతో భాగిస్తే ఎంత వస్తుందో శబ్దం ఇంచుమించు అన్ని రెట్లు పెరుగుతుంది, దాన్నే గెయిన్ అంటారు అని చెప్పాడు. ఇప్పుడు అది ఐదు కూడా లేదు. రెండో ట్రాన్సిస్టర్ ఇయర్‌ఫోనును నడపడానికే తప్ప శబ్దాన్ని పెంచదు.

"అయితే పైది పెద్దది పెట్టండి," అంది ఆమె.

"అదే చేస్తున్నా. ఇదంతా మీకు అర్థం కాదులెండి," అన్నాడతను. చెప్పేదంతా చెప్పి చివర ఆ మాట అనడం అతనికి అలవాటు. పిల్లలతోనూ అంతే. అర్థం కాదని ముందే తేల్చుకున్నవాడు అంతసేపు బొమ్మలు ఎందుకు వేశాడో అనుకుంది ఆమె.

పైన పెద్ద రెసిస్టర్ పెట్టాడు. ఈసారి మనుషులు వినపడ్డారు గానీ, మాట పాత గోనెసంచి చింపుతున్నట్టు వచ్చింది. ఎవరు మాట్లాడినా ఒకే గొంతు, ఒకే చిరుగు. ట్రాన్సిస్టర్‌కు అటూ ఇటూ ఊగడానికి చోటు చాలడం లేదని, అందుకే శబ్దం పైన కింద తెగిపోతోందని ప్రవీణ్ గొణిగాడు. మళ్లీ పాతదే పెట్టేశాడు.

ఆ శనివారం అనకాపల్లి వెళ్లి ఎవరినో అడిగి వచ్చినట్టున్నాడు. సోమవారం జేబులోంచి నీలం రంగు చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ తీశాడు. కింద ఎమిటర్ దగ్గరున్న రెసిస్టర్ ట్రాన్సిస్టర్‌ను నిలకడగా ఉంచుతుంది గానీ, లోపలికి వచ్చే మాటను కూడా వెనక్కి లాగుతుంది. దాని పక్కనే ఈ కెపాసిటర్ తగిలిస్తే నిలకడ అలాగే ఉంటుంది, మాట మాత్రం పక్కదారిన దర్జాగా పోతుంది. గెయిన్ ఐదు నుంచి వందకు పోవచ్చు. ఇదంతా ఆమెకు తన తెలివే అన్నట్టు చెప్పి, టంకం వేసి, మూత బిగించి ఇచ్చాడు.

భోజనాల వేళ. రత్నాలు తన మూల కుర్చీలో కూర్చుని ఇయర్‌ఫోను పెట్టుకుంది. ముందు గరగరమని ఒక హోరు. జాకెట్టు గుడ్డ రాసుకుంటే కొండచరియ విరిగినట్టు చప్పుడు. పైకప్పు రేకుల మీద వాన. అది వాన అని పోల్చుకోవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. తర్వాత ఆ హోరులోంచి, వీపు తిప్పి పెరుగు కలుపుకుంటున్న వెంకటలక్ష్మి గొంతు వచ్చింది. క్లాసులో గ్రాంథికం తప్ప నోట రానివ్వని మనిషి స్టాఫ్‌రూములో అచ్చంగా విజయనగరం.

"వినపడి ఏటి సేత్తాదండి ఆవిడ? వినపడనప్పుడే అంత పొగరు. వినపడితే మనల్ని బతకనిత్తాదా?"

ఆ వెంటనే వెంకటలక్ష్మి గొంతు మార్చి, ఎత్తుపల్లాలు లేకుండా, చెక్క మీద కర్రతో కొట్టినట్టు, "గ్లా సు వి న ప డిం ది," అంది. గది గదంతా నవ్వింది. ప్రవీణ్ కూడా.

పదిహేనేళ్ల తర్వాత రత్నాలు చెవిలో పడిన మొదటి పూర్తి మాటలు అవి.

ప్రవీణ్ ఆమె వైపు తిరిగి, నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, ఎలా ఉందన్నట్టు చెయ్యి ఊపాడు.

"చాలదు. ఏదో గోల. మాట తెలియడం లేదు," అంది రత్నాలు.

ఆ అబద్ధం ఆమె ఆలోచించి ఆడలేదు. నోట వచ్చేసింది. వచ్చాక, ఇది బాగానే ఉందనుకుంది.

అప్పటి నుంచి ఆమె వినడం మొదలుపెట్టింది. మొదట్లో సగం మాటలు పోయేవి. పెదాలు, చెవి రెండూ కలిపితే దొరికేవి. వారాలు గడిచేకొద్దీ వెనక నుంచి వచ్చిన మాట కూడా అందేది. చెవులు లేని కాలమంతా, నలుగురు గుంపుగా నిలబడి నవ్వుకుంటుంటే, అక్కడ ఏదో గొప్ప విషయం నడుస్తోందని, తను దానికి దూరమైపోయానని ఆమె కుమిలిపోయేది. ఇప్పుడు విషయం తెలిసింది. బస్సు రాలేదంటారు. కాబేజీ ముదిరిపోయిందంటారు. వెంకటలక్ష్మి వాళ్లాయన అరకులోయ కొట్లో ఏం అమ్మాడో, ఎవరు బేరమాడారో రోజూ చెబుతుంది. రమణమూర్తి చోడవరంలో పనిచేసిన రోజుల్లో ఒక ఎమ్మెల్యే తనను పేరు పెట్టి పిలిచాడని చెబుతాడు. అదే కథ, అదే చోట ఆగి అదే నవ్వు. అందరూ మొదటిసారి విన్నట్టు నవ్వుతారు. ఈ మనుషుల మధ్య చోటు దొరకలేదనా తను ఇన్నాళ్లు గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది?

తన గొంతు కూడా విన్నది. వెంకటలక్ష్మి అనుకరణ సరిగ్గానే ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. గొంతు తగ్గించడం ఇప్పుడు ఆమెకు చేతనవును. అనుమానం వస్తుందని తగ్గించలేదు.

నిజం ఒక్క తమ్ముడికే చెప్పింది. సుక్రు కాఫీ, మిరియాలు వేసుకుని సొంత ఊళ్లోనే ఉంటాడు. సంతకు వచ్చినప్పుడల్లా అక్క ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు.

"అందరి మాటలూ వినపడతన్నాయంతావు. ఏటంతన్నారు అప్పా?"

"ఏటీ లేదురా. కూరలో ఉప్పు లేదంతన్నారు."

"అంతేనా?"

"నన్ను తిట్టినప్పుడు మాత్రం కాస్త తెలివిగా మాటాడతన్నారు."

సుక్రు చుట్ట ముట్టించుకున్నాడు. "మరి వినపడతన్నాదని సెప్పీయొచ్చు గదా. నోరు మూసుకుంతారు."

"అందుకే సెప్పలేదు," అంది రత్నాలు.

సైన్సు ప్రదర్శన జరిగింది. సబ్బుపెట్టెను బల్ల మీద, రత్నాలును బల్ల పక్కన కుర్చీలో పెట్టారు. వచ్చినవాళ్లు ముందు పెట్టెను చూసి, తర్వాత ఆమెను చూసి, "ఈవిడేనా చెవిటావిడ?" అని ప్రవీణ్‌ను అడిగేవారు. "ఈవిడేనండీ. పాపం, ట్రైబల్," అనేవాడతను. చెవిటితనమూ తెగా ఒకే రోగమైనట్టు. ఒకాయన ఆమె చెవి దగ్గర చిటికె వేసి చూసి, ఆమె కన్నార్పగానే చప్పట్లు కొట్టాడు. ప్రవీణ్‌కు రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వంటసోడాతో పొంగే అగ్నిపర్వతానికి పోయింది.

బహుమతి వచ్చాక అతనికి ఆ పెట్టె మీద ఆసక్తి పోయింది. ఆమె మాత్రం వదల్లేదు. పదిరోజులకోసారి పెట్టె అతని చేతిలో పెట్టి, ఇంకా పెంచమనేది. అతను లాబ్‌లోకి తీసుకెళ్లి, కొంతసేపయ్యాక తెచ్చి ఇచ్చేవాడు. "కొంచెం నయం మాస్టారూ," అనేది.

ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర పేపర్లు దిద్దుకుంటుంటే వెనక ప్రవీణ్ గొంతు వినిపించింది.

"ఇంక పెంచడానికేం లేదండీ అందులో. మూత తీసి మళ్లీ పెట్టేసి ఇస్తున్నా. ఆవిడేమో కొంచెం నయం మాస్టారూ అంటోంది!"

మళ్లీ నవ్వులు. రత్నాలు ఒక పేపరు మీద మార్కు వేసి, తర్వాతి పేపరు తీసుకుంది. వంచించడం కూడా శ్రద్ధగా చేతకాని మనిషి అనుకుంది.

నవ్వులు ఆగాక రమణమూర్తి గొంతు కిందికి దిగింది. "అసలా బాధ కూడా మనకు ఎన్నాళ్లో ఉండదులే. పాడేరు ఆఫీసుకు రాశాను. వినపడని మనిషి చేత పాఠాలేమిటి? టెన్త్ రిజల్టు ఇలా ఎందుకు తగలడిందని పైవాళ్లు అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. పరీక్ష చేసి, హాస్టలు స్టోరు చూసుకోమంటారు. బియ్యం బస్తాలకు చెవులక్కర్లేదు."

"మిషను ఉంది కదా సార్ ఆవిడకి?" ఇది లెక్కల మాస్టారు.

"ఏది, ఆ సబ్బుపెట్టా?" అన్నాడు రమణమూర్తి. అందరికంటే గట్టిగా ప్రవీణ్ నవ్వాడు. తన చేత్తో తను చేసినదాన్ని చూసి అలా నవ్వే మనిషిని రత్నాలు అంతకుముందు చూడలేదు.

ఆ మాటల్లో ఆమెకు మింగుడుపడనిది వేరే ఉంది. రమణమూర్తి రాసింది పూర్తిగా అబద్ధం కాదు. మిషను పెట్టుకుని క్లాసులోకి వెళ్లడం మొదలుపెట్టాక ఆమెకు ఆ సంగతి తెలిసింది. ఏళ్లుగా ఆమె ప్రశ్న అడిగేది, పిల్లలు లేచి పెదాలు కదిపేవారు, మాట పట్టుబడకపోయినా మొహాలు చూసి "సరే, కూర్చో," అనేది. ఇప్పుడు వింటే, లేచినవాళ్లలో చాలామంది జవాబే చెప్పడం లేదు. ఇంటి భాష అయిన ఆదివాసీ ఒరియాలో నోటికొచ్చింది అంటున్నారు. ఒకడు సంతలో చూసిన పందిని వర్ణిస్తాడు. ఒకడు పక్కవాడి తాతను తిడతాడు. ఆమె "సరే, కూర్చో," అనగానే క్లాసంతా పెదాలు కొరుక్కుంటుంది. రమణమూర్తి నవ్వితే ఆమెకు అసహ్యం వేసింది. వీళ్లు తన పిల్లలు, తన భాష. వీళ్లు నవ్వినప్పుడు ఆమె నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిన చోటే మళ్లీ తుడిచేది.

తొమ్మిదో తరగతిలో సోని అనే పిల్ల అందరికంటే గడుసుది. రత్నాలు సొంత ఊరి పిల్లే. ఆ వారంలోనే ఒక రోజు రత్నాలు దాన్ని లేపి, మనకు ఎక్కువ వాన తెచ్చే రుతుపవనాలేవి అని అడిగింది. సోని చేతులు కట్టుకుని, దేవుడి ముందు నిలబడ్డంత భక్తిగా మొహం పెట్టి, ఒరియాలో చెప్పింది: "మా అత్త కోడి వారం నుంచి గుడ్డు పెట్టడం లేదు. టీచరమ్మ వచ్చి పెట్టిపోతుందేమో అడగమంది."

వెనక బెంచీలో ఎవరికో పొలమారింది.

రత్నాలు పుస్తకం మూసింది. గొంతు తగ్గించి, అదే ఒరియాలో, "పెట్టకపోతే కోసి కూర వండుకోమను మీ అత్తను. నేను మొన్ననే మన ఊరు వెళ్లినప్పుడు చూశాను, అది పుంజు," అంది. తర్వాత తెలుగులోకి మారింది. "రుతుపవనాల సంగతి చెప్పు."

క్లాసులో ఒక్కరూ కదల్లేదు. సోని మొహంలో రక్తం లేదు.

"నైరుతి, టీచర్," అంది ఏడుపు గొంతుతో.

"ఏ నెలలో వస్తాయి?"

"జూన్, టీచర్."

"తెలుసన్నమాట. తెలిసీ ఇన్నాళ్లు కోడి కథ చెప్పావు. కూర్చో. లక్ష్మణ్, లే. మొన్న నువ్వు చెప్పిన పంది సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఈశాన్య రుతుపవనాల గురించి చెప్పు."

వాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తూ లేచాడు.

గంట కొట్టేలోపే కబురు బడంతా పాకింది. మధ్యాహ్నం ఆమె స్టాఫ్‌రూములో అడుగు పెట్టేసరికి గది గుడిలా ఉంది. వెంకటలక్ష్మి లేచి, "రండి రత్నాలుగారూ, ఇక్కడ కూర్చోండి. ఇక్కడ గాలి బాగా వస్తాది," అంది. ఆ గదిలో గాలి అక్కర్లేక కిటికీలు బిగించుకుని నెలయింది. నెలల తరబడి ఆమెను వేళాకోళం చేసినవాళ్లు ఇప్పుడు మంచినీళ్లు అందిస్తున్నారు. వేళాకోళమే నయం, అందులో కనీసం కాస్త ఓపిక పెట్టి గొంతులు నేర్చుకున్నారు అనిపించింది ఆమెకు. ఎవరెవరు ఏమేమి అన్నారో గుర్తు చేసుకుంటూ వాళ్ల కళ్లు గిరగిరా తిరుగుతుంటే చూస్తూ, తాపీగా అన్నం తింది.

అయితే రమణమూర్తి రాసింది వెనక్కి రాదు. డిసెంబరులో పాడేరు నుంచి ఒక అధికారి పరీక్షకు వస్తున్నాడని తెలిసింది.

ఆ రోజు పొద్దున్న మంచు ఇంకా మైదానం మీద నుంచి లేవలేదు. ప్రవీణ్ ఎదురొచ్చాడు. ఆమె కళ్లలోకి చూడకుండా, "మేడమ్, పెద్దాయన వస్తున్నారు కదా. బ్యాటరీ కొత్తది వేసి ఇస్తాను, ఇవ్వండి," అన్నాడు. ఆమె ఇచ్చింది. అతనంతట అతను మంచి చెయ్యబోవడం అదే మొదటిసారి కాబట్టి ఆమెకు అనుమానం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఎంతవరకు తెగిస్తాడో చూడాలనిపించింది.

అతను తిరిగి ఇచ్చిన పెట్టెను చెవికి తగిలించుకోగానే లోకం కొండ అవతలికి పోయింది. గ్లాసు మాత్రం వినపడే ఆ మొదటి రోజు చప్పుడు. ఆమె మూత తీసి చూసింది. నీలం డబ్బా అలాగే ఉంది. దాని ఒక కాలు టంకం దగ్గర తెగి, వెంట్రుక మందాన ఎడంగా నిలబడి ఉంది. చూసి, మూత పెట్టి, క్లాసుకు వెళ్లింది.

పదకొండు గంటల వేళ హెడ్మాస్టరు గది నుంచి పిలుపు వచ్చింది. అధికారి కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. రమణమూర్తి ఆయన వెనక నిలబడి ఉన్నాడు. ప్రవీణ్ తలుపు పక్కన ఉన్నాడు. రత్నాలు కూర్చోగానే అధికారి ముందుకు వంగి, "వి... న... ప... డు... తోం... దా... అమ్మా?" అని అరిచాడు. రమణమూర్తి జాలిగా తల ఊపాడు.

"ఒక్క నిమిషం సార్," అంది రత్నాలు. "మా ఫిజిక్స్ మాస్టారు పక్కన లేకపోతే ఈ మిషను పనిచెయ్యదు. ప్రవీణ్ మాస్టారూ, ఇలా రండి."

అతను రమణమూర్తి వైపు చూశాడు.

"రండి. మీరు చేసిన మిషనే కదా."

అధికారి అతని వైపు చూశాడు. ప్రవీణ్ వచ్చాడు. రత్నాలు సబ్బుపెట్టె మూత తీసి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని, బల్ల మీది పెన్సిలు తీసి అతని చేతికిచ్చింది.

"ఆ నీలం దాని కాలు ఎక్కడ ఆనాలో మీకంటే ఎవరికి తెలుసు? వెనక చెక్క వైపుతో నొక్కి పట్టుకోండి. మాటలు అయ్యేదాకా వదలకండి."

కుర్చీ పక్కన నిలబడి వంగితే చెయ్యి అందలేదు. అతను మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. పెన్సిలు వెనక చివరతో ఆ కాలిని నొక్కగానే, గోడ గడియారం టిక్కుమనడం, బయట హాస్టలు పిల్లలు పళ్లేలు కడగడం, రమణమూర్తి గుటక మింగడం ఒక్కసారిగా ఆమె చెవిలో పడ్డాయి.

"ఇప్పుడు అడగండి సార్. అరవక్కర్లేదు."

"ఏమిటిది?" అన్నాడు అధికారి, ప్రవీణ్‌ను చూసి.

"కెపాసిటర్ లీడ్... ఊడిపోయింది సార్."

"ఊడలేదు సార్, తెగింది," అంది రత్నాలు.

అధికారి రమణమూర్తి వైపు తిరిగాడు. మళ్లీ టీ గ్లాసు వైపు తిరిగాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు కనపడకుండా ఉండటం ఆయనకు ఉద్యోగంలో అలవాటైన పనిలా ఉంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వీపు తిప్పి, మామూలు గొంతుకంటే తక్కువగా, "ఆ కాఫీ తోట ఎవరిది?" అన్నాడు.

"మీరు చూస్తున్నవి సిల్వర్ ఓక్ చెట్లు సార్. కాఫీ వాటి కింద ఉంటుంది. నాలుగైదు కుటుంబాలది."

ఆయన కాస్త ఇబ్బందిగా దగ్గాడు. ఇంకా మెల్లగా, తొమ్మిదో తరగతికి ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందని అడిగాడు. చెప్పింది. ఎన్నాళ్ల నుంచి వినపడటం లేదని అడిగాడు. చెప్పింది. అంతకుముందు పిల్లల జవాబులు ఎలా వినేవారు అని అడిగాడు.

ప్రవీణ్ పెన్సిలు జారి, ఆ ప్రశ్న మధ్యలో ఒకసారి తెగి మళ్లీ వచ్చింది. "సరిగా పట్టుకోండి మాస్టారూ," అని రత్నాలు అధికారి వైపు చూసి, "వినేదాన్ని కాదు సార్. విన్నట్టు ఉండేదాన్ని. హెచ్.ఎం. గారు రాసిన దాంట్లో ఆ ముక్క నిజం. కాకపోతే నాకు ఆగస్టు నుంచి వినపడుతోంది. ఆయనకు తెలుసు. తెలిసే ఈ పొద్దున్న మీ ముందు నాకు వినపడకుండా చెయ్యాలనుకున్నారు," అంది.

"అబ్బే, అదేమిటి సార్..." అన్నాడు రమణమూర్తి.

"నేను మిమ్మల్ని అడగలేదు," అన్నాడు అధికారి. ఆయన ఆ రోజు అన్నవాటిలో వినదగ్గ మాట అదొక్కటే. తర్వాత క్లాసుకు వెళ్లి, పిల్లల్ని నాలుగు ప్రశ్నలు అడిగాడు. టీచరుకు వినపడుతుందా అని సోనిని అడిగితే, ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "ముందు వినపడేది కాదు సార్. ఇప్పుడు మరీ ఎక్కువ వినపడతంది," అంది. అధికారి నవ్వాపుకోలేకపోయాడు. పాఠాలు చెప్పడానికి పనికొస్తుందని రాసేసి, బొర్రా గుహలు ఎన్ని గంటలకు మూస్తారని డ్రైవరును అడుగుతూ జీపు ఎక్కాడు. రమణమూర్తిని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఉద్యోగానికి ఈగ వాలలేదు.

సాయంత్రం ప్రవీణ్ టంకం కడ్డీ పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "నేను ప్రొబేషన్‌లో ఉన్నాను మేడమ్. హెచ్.ఎం. గారు చెయ్యమన్నారు," అన్నాడు.

"ఆయన చెయ్యమన్నారు. చేసింది మీరు. అదైనా చక్కగా చెయ్యలేదు. రెండు కాళ్లూ తీసి డబ్బా పారేసి ఉంటే నేనేం చేసేదాన్ని? ఏ పనీ పూర్తిగా చెయ్యరు మీరు. అతికించి వెళ్లండి."

అతికించాడు. అతికించాక కూడా కదలకుండా, ఇందులో గెయిన్ ఇంకా పెంచడానికి నిజంగానే దారి ఉందని, ఇంకో ట్రాన్సిస్టర్ వేసి ఇంకో అంచె కట్టొచ్చని, కావాలంటే చేసిపెడతానని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో మొదటిసారి పనివాడి శ్రద్ధ లాంటిదేదో కనిపించింది. కాని అది చూసి కరిగిపోయే మనసు ఆ రోజు ఆమెకు లేదు.

"వద్దు," అంది. "మీరు మాట్లాడేది వినడానికి ఇది చాలా ఎక్కువ."

వేసవి సెలవుల్లో అతను మైదానానికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. ఆ సెలవుల్లోనే రత్నాలు సుక్రును వెంటబెట్టుకుని విశాఖ వెళ్లి, ఇంకో డాక్టరు చేత సరిగా పరీక్ష చేయించుకుని, చెవి వెనక పెట్టుకునే అసలైన మిషను కొనుక్కుంది. అది కనపడీ కనపడకుండా ఉండేది. ఆమె జుట్టు దాని మీదికి దువ్వుకునేది. దానివల్ల ఇంకో సంగతి జరిగింది. ఆమె మిషను పెట్టుకుందో లేదో, ఎవరి మాట వింటుందో, స్టాఫ్‌రూములో ఎవరికీ తెలిసేది కాదు. రమణమూర్తి చోడవరం కథ మొదలుపెట్టి, ఆమె మూల వైపు చూసి, మధ్యలో ఆపేసేవాడు. వెంకటలక్ష్మి కూర గురించి కూడా గుసగుసగా చెప్పేది. కొన్నాళ్లకు ఒక్కొక్కరూ కారియర్లు పట్టుకుని వరండాలోకి మారారు. పుష్యమాసం మంచులో, శాలువాలు కప్పుకుని, చల్లారిపోయిన అన్నం వణుకుతూ తినేవారు. లోపల కిటికీలు బిగించుకుని, నాలుగు బల్లల గదిలో రత్నాలు ఒక్కతే కాళ్లు బారజాపుకుని కూర్చునేది.